పొగ పెట్టని సోమవారం

గురువారం పొద్దున్న పది గంటల ఐదు నిమిషాలకు నేను షెడ్డులో అడుగుపెట్టేసరికి పొగ మాస్టారు ఒక స్పానర్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. పదీ ఇరవైకి కూడా అదే స్పానరు, అదే గుడ్డ. కూతురు కనబడకుండా పోయి ఆయనకి అది పన్నెండో రోజు, వెతకడానికి నన్ను పెట్టుకుని తొమ్మిదో రోజు. ఈ తొమ్మిది రోజుల్లో నేను ఊడబొడిచింది ఏమీ లేదు. ఆ మాట ఆయన అనలేదు కాబట్టి నాకు నేనే అనుకుంటూ ఉన్నాను.

ఆయన్ని పొగ మాస్టారు అనేది ఆయన చేసే పనిని బట్టి. కారు ట్యాంకులో పెట్రోలు ఊరికే పడి ఉండదు, ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటి గాల్లో కలవకుండా సన్నటి గొట్టాల్లోంచి ఒక బొగ్గు డబ్బాలోకి చేరుతుంది, బండి నడిచేటప్పుడు అక్కణ్ణించి ఇంజన్లోకి పోయి కాలిపోతుంది. ఈ దారిలో ఎక్కడ చిల్లి పడ్డా బండిలోని కంప్యూటరు కనిపెట్టి, ఒక కోడు రాసుకుని ఇంజన్ లైటు వెలిగిస్తుంది. ఆ కోడు చెరిపితే లైటు ఆరిపోతుంది. అర మిల్లీమీటరు చిల్లి చాలు. కంటికి ఆనని ఆ చిల్లిని పట్టుకోవాలంటే గొట్టాల్లోకి తెల్లటి పొగ ఎక్కించి, అది ఎక్కడ బయటికొస్తుందో టార్చి వేసి వెతకాలి. మిగతా మెకానిక్కులు చేతులెత్తేసిన బళ్ళన్నీ ఆ పని కోసం ఈయన దగ్గరికే వస్తాయి. ఇరవయ్యారేళ్ళుగా ఆయన, ఆరేళ్ళుగా ఆయన కూతురు చేస్తున్నది అదే. షెడ్డుకొచ్చే వాళ్ళు ఆ పిల్లని చిన్న మాస్టారు అంటారు.

నా నోటుబుక్కులో ఉన్నది ఇంతే. పోయిన శనివారం కాక అంతకుముందు శనివారం సాయంత్రం ఐదూ నలభైకి చిన్న మాస్టారు బ్రేక్ ప్యాడ్ల పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని షెడ్డులోంచి నడిచి వెళ్ళింది. ఆ పెట్టె సీలు మీద ఆమెకి అనుమానం. సరుకు నకిలీదేమో, బ్రేకు పడకపోతే మనుషులు పోతారు, అడిగి వస్తానని తండ్రితో చెప్పింది. వెళ్ళింది రెండు వీధుల అవతల ఉన్న స్పేర్ పార్ట్స్ షాపుకి. దాని యజమానిని అందరూ బేరింగుల బాబాయ్ అంటారు. మాస్టారికి ఇరవై ఏళ్ళ స్నేహితుడు, తమ్ముడి లెక్క. ఐదూ యాభైకి వచ్చింది, పెట్టె తిరిగి ఇచ్చింది, ఆరింటికి వెళ్ళిపోయింది అని ఆయన పోలీసులకీ చెప్పాడు, నాకూ చెప్పాడు. పోయిన బుధవారం ఆయన షాపులో కూర్చుని, ఆయన తెప్పించిన టీ తాగి, ఆ మాట నమ్మి లేచి వచ్చాను. చెబుతూ చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

శనివారం రాత్రి ఎనిమిదీ పదికి ఆమె ఫోన్ నుంచి తండ్రికి మెసేజి వచ్చింది. నన్ను వెతకొద్దు, నేను క్షేమం అని. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. ఇన్‌స్పెక్టరుకి ఆ ఒక్క ముక్క చాలు. పిల్ల మేజరు, ఇష్టపడే వెళ్ళింది, ఇక వెతకనక్కర్లేదు అని కాగితం తయారుచేశాడు. ఈ రోజు పన్నెండింటికి వచ్చి మాస్టారి సంతకం తీసుకుంటానన్నాడు. ఆ సంతకం పడితే ఫైలు బీరువా ఎక్కుతుంది, ఆ పిల్ల కోసం వెతికేవాళ్ళు ప్రపంచంలో ఇద్దరమే మిగులుతాం.

ఆ మెసేజి గురించి మాస్టార్ని మళ్ళీ అడిగాను. ఆయన తల ఎత్తకుండానే చెప్పారు.

"మా అమ్మాయి నాకు మెసేజీలు పెట్టదమ్మా. కోపమొస్తే ఫోన్ చేసి తిడుతుంది. సంతోషమొచ్చినా ఫోన్ చేసి తిడుతుంది."

దీన్ని సాక్ష్యమని ఏ స్టేషన్లో రాసుకుంటారు? అయినా నేను రాసుకున్నాను.

పదీ నలభైకి ఒక బూడిదరంగు కారు వచ్చి ఆగింది. దిగింది బేరింగుల బాబాయ్ భార్య. నలభై ఐదేళ్ళు ఉంటాయి, మాట మెత్తన, చూపు ఇంకా మెత్తన. మాస్టార్ని చూడగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంజన్ లైటు మళ్ళీ వెలిగిందని, నిజానికి లైటు ఒక వంక మాత్రమేనని, బావగారిని పలకరించకుండా ఇన్ని రోజులు ఉండలేకపోయానని చెప్పింది. భర్త మాత్రం బండి ఇక్కడికి తేవద్దన్నాడట. పాపం, అన్నయ్య బాధలో ఉన్నాడు, విసిగించకు, నేనే వేరే చోట చూపిస్తాను అన్నాడట. ఈ పొద్దున ఆయన షాపు వ్యానేసుకుని పని మీద వెళ్ళగానే ఈవిడ తాళాలు తీసుకుని వచ్చేసింది.

నాకు మిగతాదంతా ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోయింది కానీ 'మళ్ళీ' అన్న మాట దగ్గర ఆగాను. మొదటిసారి ఎప్పుడు వెలిగిందని అడిగాను. అమ్మాయి కనబడకుండా పోయిన తర్వాత సోమవారం పొద్దున్న అంది. ఆ రోజు పదిన్నరకి బండి ఇక్కడికే తెచ్చిందట, పావుగంటలో పంపించేశారట.

గోడకి మేకు కొట్టి గుచ్చిన జాబ్ కార్డులు తిరగేశాను. ఈ బండివి రెండున్నాయి. ఒకటి శుక్రవారం, అంటే ఆ శనివారానికి ముందు రోజుది, సాయంత్రం నాలుగు గంటలది. గుండ్రటి అక్షరాలు, చిన్న మాస్టారివి. సాలుసరి చెకప్, పొగ పెట్టి చూశాను, లీకు లేదు. రెండోది సోమవారానిది, తండ్రి చేతిరాత. ట్యాంకు మూత మార్చాను, కోడు చెరిపాను. అంతే. పొగ ఊసే లేదు.

ఆ మేకుకి పైన చెక్క పలక మీద ఎర్ర రంగుతో పిల్ల రాసిన అక్షరాలున్నాయి. 'పొగ పెట్టి చూడకుండా కోడు చెరపం. తొందరైతే వేరే చోటు చూసుకోండి.' ఆ కార్డు తీసుకెళ్ళి మాస్టారి ఒళ్ళో పెట్టాను. దొంగని పట్టుకున్నట్టు పెట్టాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన స్పానరు పక్కన పెట్టి కార్డు చేతిలోకి తీసుకున్నారు.

"ఆ రోజు పొగ పెట్టలేదమ్మా. ఇరవయ్యారేళ్ళలో ఆ ఒక్కరోజే. రెండు రాత్రులు నిద్రలేదు, ఎవరో బస్‌స్టాండులో చూశామంటే పరిగెత్తాలని కూర్చున్నాను. స్కానర్ పెడితే చిన్న లీకు అని కోడు చూపించింది. పది బళ్ళలో ఏడింటికి మూత సరిగ్గా బిగించకే ఆ కోడు వస్తుంది. మూత మార్చి చెరిపేసి పంపేశాను. ఇట్లా చేసేవాళ్ళని చూసి నేనూ మా అమ్మాయీ నవ్వుకునేవాళ్ళం."

అప్పుడు నాకు ఆయన మీద జాలి తప్ప మరేమీ కలగలేదు. మూతకీ పిల్లకీ ఏం సంబంధం? కానీ రెండు కార్డుల మధ్య ఉన్న తేదీలు మాత్రం నా కళ్ళల్లో నలుసులా ఉన్నాయి. శుక్రవారం లీకు లేదు. సోమవారం లీకు ఉంది. మధ్యలో శనివారం ఉంది. ఈ లీకు సరిగ్గా ఎప్పుడు పడిందో చెప్పగలరా అని అడిగాను.

చెప్పొచ్చన్నారు. పని గురించి అడిగేసరికి ఆయన గొంతులోకి కొంచెం ప్రాణం వచ్చింది. కంప్యూటరు ఈ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు చెయ్యదట. బండి రాత్రంతా ఆగి చల్లబడి, పొద్దున్న మొదటిసారి స్టార్టు చేసినప్పుడే చేస్తుంది. ఒకసారి తప్పితే ఊరుకుంటుంది. వరసగా రెండో పొద్దున కూడా తప్పితేనే లైటు వెలిగిస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే అసలు పరీక్షే చెయ్యదు. సోమవారం ఇక్కణ్ణించి వెళ్తూ ట్యాంకు నిండా కొట్టించానని ఆవిడ చెప్పింది, అందుకే రెండోసారి లైటు రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. సోమవారం వెలిగిందంటే తప్పింది ఆదివారం పొద్దున్న, సోమవారం పొద్దున్న. శనివారం పొద్దున్నే చిల్లి ఉండి ఉంటే లైటు ఆదివారమే వెలగాలి. అంటే చిల్లి పడింది శనివారం పొద్దున్న బండి తీసిన తర్వాత, ఆదివారం పొద్దున్న బండి తీసే లోపల. ఆ ఇరవై నాలుగ్గంటల్లోనే ఒక పిల్ల మాయమైంది.

ఆవిడని కూర్చోబెట్టి మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను. శనివారం ఆయన ఈ బండిలో ఇంటికి ఎన్నింటికి వచ్చారు? రాత్రి తొమ్మిదిన్నరకి అంది. మామూలుగా ఆరూ ముప్పావుకల్లా వచ్చేస్తారట. ఆ రోజు లారీ సరుకు దించడం ఆలస్యమైందన్నారట. ఆదివారం బండి తీసిందెవరు? నేనే, తొమ్మిదింటికి, మా అక్కగారింటికి వెళ్ళాను అంది. అంతకుముందు ఆయన పొద్దున్నే లేచి బండి కడిగారని కూడా చెప్పింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన బండి కడగడం అదే చూడటమట. నవ్వుతూనే చెప్పింది పాపం.

"మాస్టారూ, ఇప్పుడు పొగ పెట్టండి" అన్నాను.

ఆయన బండిని లిఫ్టు మీద నడుమెత్తున లేపారు. బొగ్గు డబ్బా గాలి పీల్చే దారిని స్కానరుతో మూయించి, ఇంజన్ పక్క నుంచి పొగ యంత్రం గొట్టం తగిలించారు. యంత్రం మీద ఒక గాజు గొట్టం, అందులో చిన్న గోళీ ఉంటాయి. లోపల లీకు ఉంటే పారే పొగ ఆ గోళీని పైకి లేపి ఉంచుతుంది. ఎక్కడా చిల్లి లేకపోతే గోళీ దిగి అడుగున కూర్చుంటుంది. రెండు నిమిషాలు చూశాం. గోళీ మధ్యలో నిలబడి వణుకుతోంది, దిగడం లేదు.

మూత దగ్గర టార్చి వేశారు. పొగ లేదు. ట్యాంకు పైన, బొగ్గు డబ్బా కీళ్ళ దగ్గర, ఇంజన్ దగ్గర వాల్వు చుట్టూ, ఎక్కడా లేదు. పదకొండూ ఇరవై అయింది. మాస్టారు బండి కింద నుంచి లేచి నడుం పట్టుకుని నిలబడ్డారు, అలాగే ఆగిపోయారు. డిక్కీ మూత అంచు నుంచి తెల్లటి పోగు ఒకటి బయటికి సాగుతోంది.

డిక్కీ తెరిచాను. సబ్బు వాసన, దాని కింద పెట్రోలు వాసన. ఎడమ పక్క గోడకి అతికించిన నల్లటి ఫెల్టు అట్ట వెనకాల నుంచి పొగ వస్తోంది. ట్యాంకు మూత నుంచి దిగే ఆవిరి గొట్టం అక్కడే పోతుందని మాస్టారు చెప్పారు. రబ్బరు గొట్టం, నిరుడే అది మార్చారట. మార్చింది చిన్న మాస్టారు.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. పన్నెండు కాకుండానే ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు. నేను ఉద్యోగం మానేసిన రోజున స్వీట్లు పంచాడని ఎవరో చెప్పారు, నమ్మడానికి నాకేం ఇబ్బంది కలగలేదు.

"డిటెక్టివ్ అక్కా, మెకానిక్కు పని కూడా మొదలుపెట్టావా?" అన్నాడు. తర్వాత కాగితం తీసి మాస్టారి ముందు పెట్టాడు. నేను అడ్డం వెళ్ళి ఐదు నిమిషాలు ఆగమన్నాను. రెండు కార్డులూ చూపించి, తేదీలూ, ఆదివారం సోమవారాల లెక్కా చెప్పాను. విన్నాడు. వింటూ గడ్డం గోక్కున్నాడు. పరాయివాళ్ళ బండిలో అట్టలూ బట్టలూ పీకితే నా మీద కేసు పెడతానన్నాడు. రబ్బరు గొట్టానికి చిల్లి పడితే ఎలక కొరికిందంటారు గానీ కిడ్నాప్ అనరన్నాడు. కూతురు వెళ్ళిపోయిన తండ్రికి ఇలాంటి ఆశలు పెట్టడం పాపమని కూడా అన్నాడు. ఆ చివరి మాట నిజంగానే అన్నాడనిపించింది, అందుకే నాకు ఎక్కువ మండింది.

"నువ్వు వెతికావా?" అని అడిగాను. "పన్నెండు రోజుల్లో ఆ పిల్ల కోసం ఏ ఒక్క తలుపైనా తట్టావా?"

అతను జవాబు చెప్పేలోగా వెనక నుంచి బాబాయ్ భార్య మాట్లాడింది. ఆవిడ మొహంలో ఇందాకటి మెత్తదనం అలాగే ఉంది కానీ రంగు లేదు.

"బండి నా పేరు మీద ఉందండీ. మా నాన్న కొనిచ్చింది. తీయండి బావగారూ, ఆ అట్ట తీయండి."

ఇన్‌స్పెక్టర్ పక్కకి తప్పుకున్నాడు.

అట్ట పై మూల క్లిప్పు ముందే ఊడి ఉంది. మాస్టారు మిగతావి స్క్రూడ్రైవరుతో లేపారు. వెనకాల బొటనవేలంత లావు రబ్బరు గొట్టం, దానికి నాలుగు చిన్న చిల్లులు. పక్కపక్కనే ఉన్నాయి, ఒక్కో దానిలోంచి ఒక్కో పొగ దారం. ఎలక పంటి గాట్లు అలా ఉండవు. సూదితో పొడిచినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఫెల్టు మడతలో టార్చి వెలుగుకి ఏదో మెరిసింది. నేను చెయ్యి పెట్టి తీశాను. ఆకుపచ్చ రాయి ఉన్న చెవి దుద్దు. వెనక మర లేదు. దాని కాడ వంగిపోయి ఉంది.

మాస్టారు దాన్ని నా చేతిలోంచి తీసుకోలేదు. మా అమ్మాయిదే అన్నారు. తర్వాత షెడ్డు స్తంభం పట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది కానీ బుర్ర మాత్రం పనిచేస్తోంది. ఈ బండి మీద శుక్రవారం పనిచేసింది ఆ పిల్లే కదా, దుద్దు అప్పుడే ఊడి పడి ఉండొచ్చు కదా అన్నాడు. మంచి ప్రశ్నే. నేను చెప్పబోతుంటే మాస్టారు నాకు చేత్తో ఆగమని సైగ చేసి, అప్పుడు దుద్దు తీసుకున్నారు. వంగిన కాడని రెండు వేళ్ళతో తిన్నగా చేశారు. ఎడమ చేతి మూడు వేళ్ళతో మూడు చిల్లులు మూశారు. నాలుగో చిల్లులోకి దుద్దు కాడ దూర్చారు. అది బిగుతుగా దిగింది.

యంత్రం వైపు చూడమన్నారు. గాజు గొట్టంలో గోళీ మెల్లగా దిగి అడుగుకి చేరింది.

"శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గోళీ ఇట్లాగే అడుగున ఉంది. కార్డు మీద రాసింది, సంతకం పెట్టింది" అన్నాను. "ఆ తర్వాత ఈ చిల్లులు ఎవరు పొడిచారు? డిక్కీ లోపల నుంచి, అట్ట ఊడదీసి, ఆమె దుద్దుతోనే? శనివారం ఆరింటికి షాపు. తొమ్మిదిన్నరకి ఇల్లు. ఆదివారం పొద్దున్నే డిక్కీ సబ్బుతో కడిగాడు. మధ్యలో ఎనిమిదీ పదికి మెసేజి."

ఇన్‌స్పెక్టర్ తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్కకెళ్ళి వైర్‌లెస్సులో మాట్లాడటం మొదలుపెట్టాడు. షాపు వ్యాను నంబరు కావాలని ఆవిడని అడిగితే ఆవిడ చెప్పింది. ఒక్క అంకె కూడా తడబడకుండా చెప్పింది.

మాస్టారు ఇంకా గొట్టం పట్టుకునే ఉన్నారు. వేళ్ళు తీస్తే పొగ వస్తుందని భయపడుతున్నట్టు పట్టుకున్నారు. నేను యంత్రం ఆపేశాను. చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. అప్పుడు ఆయన మాట్లాడారు. గొంతు పెంచలేదు, ఏడవనూ లేదు. బండికి ఏం పోయిందో కస్టమరుకి చెప్పినట్టు, విడమరిచి చెప్పారు.

"లోపల నుంచి ఆ డిక్కీ తెరుచుకోదమ్మా. నోరు కట్టేసి ఉంటాడు, లేకపోతే అరిచేది. చీకట్లో చేత్తో తడుముకుని ఆ గొట్టం దొరకబుచ్చుకుంది. చిల్లి పెడితే ఆవిరి తనకే కొడుతుందని తెలుసు. అయినా పెట్టింది. ఒకటి చాలదేమోనని నాలుగు పెట్టింది. రెండు పొద్దులకి లైటు వెలుగుతుందని తెలుసు. వెలిగితే పిన్ని బండి ఇక్కడికే తెస్తుందని తెలుసు." ఇక్కడ ఆగారు. "నాన్న పొగ పెట్టకుండా చెరపడని తెలుసు. ఆ పలక రాసింది అదే కదా."

నేను ఏదో చెప్పాలని చూశాను. మీకెలా తెలుస్తుంది, ఎవరికి తెలుస్తుంది లాంటివి. ఆయన వినలేదు.

"సోమవారం పదిన్నరకి నన్ను పిలిచింది. నా చేత్తో నేనే చెరిపేశాను."

నేను ఇరవై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేశాను, శవాల పక్కన నిలబడి భోజనం చేశాను. ఆ మాట విని మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఆయన కళ్ళు పొడిగా ఉన్నాయి, నావే తడిశాయి. నేను తాగిన టీ గుర్తొచ్చింది. నేనైనా ఆ బుధవారం షాపు బయట ఆగి ఉన్న ఈ బండి డిక్కీ ఒక్కసారి తెరిపించి ఉంటే ఆ సబ్బు వాసన అప్పుడే పట్టుబడేది. ఆ మాట ఆయనకి చెప్పాను. ఎవరి తప్పు ఎక్కువని ఇద్దరం పోటీ పడితే పిల్ల రాదని కూడా చెప్పాను. అది విని ఆయన తల ఊపారు.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. ఆరింటి నుంచి తొమ్మిదిన్నర లోపల బాబాయ్ బండి ఎక్కడికి వెళ్ళింది? ఇన్‌స్పెక్టర్ షాపు, ఇల్లు, లారీ ఆఫీసు పేర్లు చెబుతూ మనుషుల్ని పంపుతున్నాడు. బాబాయ్ భార్య లిఫ్టు పక్కన కింద కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆవిడ పక్కన గచ్చు మీద కూర్చున్నాను. మీవారికి షాపు కాక ఇంకేదైనా చోటు ఉందా అని అడిగాను.

"గోడౌన్ ఉంది కదండీ" అంది.

గోడౌన్ నిరుడే ఖాళీ చేశానని బాబాయ్ నాతో చెప్పాడు. ఆ మాట ఆవిడకి చెప్పాను. ఆవిడ నా మొహంలోకి ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. ఖాళీ చెయ్యలేదంది. మెయిన్ రోడ్డు దాటాక పాత టైర్ల ఫ్యాక్టరీ వెనకాల ఉందంది. రోజూ మధ్యాహ్నం ఆయన అక్కడే తింటారు, తనే భోజనం కట్టి ఇస్తుంది. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ ఆపి ఇటు వచ్చాడు. మాస్టారూ బల్ల మీంచి లేచారు.

"ఆ ఆదివారం నుంచీ రెండు డబ్బాలు కట్టమన్నారు" అంది ఆవిడ. మాట మాటకీ ఆగుతోంది. "కొత్త వాచ్‌మన్ కుదిరాడన్నారు. వాడికి ఎవరూ లేరన్నారు. పాపమని నేనూ కాస్త ఎక్కువే పెట్టేదాన్ని. రెండు డబ్బాలూ ఖాళీగానే వచ్చేవి."

మాస్టారి మొహం మారింది. తొమ్మిది రోజుల్లో ఆ మొహం మీద నేను చూడనిది అది.

"తింటోంది" అన్నారు నా వైపు తిరిగి. "అమ్మా, తింటోంది. బతికే ఉంది."

నేను ఆయన భుజం పట్టుకున్నాను. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. కానీ బాబాయ్ భార్య తల ఎత్తలేదు. ఆయన వైపు చూసే ధైర్యం ఆవిడకి లేదు. నేల మీద పడి ఉన్న నల్లటి అట్టకేసి చూస్తూ చెప్పింది.

"మొన్నటిదాకా బావగారూ. నిన్న పొద్దున్న రెండో డబ్బా సర్దుతుంటే, ఇక అక్కర్లేదు, ఒక్కటి చాలన్నారు."

ఇన్‌స్పెక్టర్ జీపు ముందు తలుపు తెరిచి పట్టుకుని, మాస్టార్ని పేరు పెట్టి కాదు, నాన్నగారూ అని పిలిచాడు.